లేబర్ ఆఫీసులో ఖాళీ కుర్చీ: యజమానికి లాభమా, నష్టమా?

(హోసూరులో తెలుగు కుటుంబాలు, యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలవడానికి వచ్చిన యువజన సహోదరులు "కూలీల హక్కుల మీద చెప్పండి అన్నా" అన్నారు. సరేనన్నాను గానీ ఒక మార్పు అడిగాను. ఈ హాల్లో కూలి చేసేవారు ఉన్నారు, కూలి ఇచ్చేవారూ ఉన్నారు. నలుగురిని పెట్టుకుని కుట్టు యూనిట్ నడిపే అక్కలున్నారు. పదిమందిని వెంటబెట్టుకుని బెంగళూరులో బిల్డింగు పనులు చేయించే మేస్త్రీలున్నారు. చిన్న మెషిన్ షాపు పెట్టుకున్న తమ్ముళ్ళున్నారు. కాబట్టి ఈ సాయంత్రం యజమాని వైపు నిలబడి మాట్లాడతాను. లేబర్ ఆఫీసులో చాలినంత మంది లేకపోతే యజమానికి ఏమవుతుంది? ఇదే నా ప్రశ్న.

నేను పాస్టరును కాను, లాయరునూ కాను. 26 ఏళ్ళుగా చిన్న యజమానుల దగ్గర జీతాల రిజిస్టర్లు రాసి, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. చలానాలు కట్టించి, వాళ్ళ తరఫున లేబర్ ఆఫీసు మెట్లెక్కి దిగే మనిషిని. నేను చూసిందే చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం మా వైపు లేబర్ ఆఫీసరు రిటైరయ్యారు. ఆ కుర్చీలోకి కొత్తవారు రాలేదు. పక్క సర్కిల్ ఆఫీసరుకే ఇదీ అదనంగా అప్పగించారు. వారంలో రెండు రోజులు వస్తారని బోర్డు పెట్టారు. ఆ రెండు రోజుల్లో ఒక రోజు కోర్టుకో, కలెక్టరు మీటింగుకో పోతుంది. నాకు తెలిసిన ఒక యజమాని అప్పట్లో నవ్వుతూ అన్నాడు: "ఆఫీసరు లేడా? మంచిదేలే అన్నా, మనకు తలనొప్పి తప్పింది." మూడేళ్ళ తరువాత అదే మనిషిని అదే ఆఫీసు వరండాలో బెంచీ మీద చూశాను. పని మానేసిన ఒక అమ్మాయి జీతం బాకీ కేసు పెట్టింది. ఆయన రావడం అది నాలుగోసారి. ఆఫీసరు ఆ రోజూ రాలేదు. బెంచీకి ఆ చివర ఆ అమ్మాయి, ఈ చివర ఈయన. ఇద్దరూ ఒక రోజు పని పోగొట్టుకుని కూర్చున్నారు. "తేలిపోతే బాగుండు అన్నా" అన్నాడు నాతో. ఆ రోజు ఆయన నవ్వలేదు.

మోషే కథ మీకు తెలుసు. నిర్గమకాండము 18వ అధ్యాయంలో మోషే ఒక్కడే కూర్చుని జనుల తగాదాలు తీరుస్తుంటాడు. ఉదయం నుంచి సాయంకాలం దాకా జనం నిలబడే ఉంటారు. అది చూసి మామ యిత్రో హెచ్చరిస్తాడు. ఇలా చేస్తే నువ్వూ నలిగిపోతావు, నీతో ఉన్న జనమూ నలిగిపోతారని చెబుతాడు. ఆ జనంలో బాకీ రావలసినవాడు ఉన్నాడు, బాకీ పడ్డవాడూ ఉన్నాడు. ఇద్దరూ ఎండలోనే నిలబడ్డారు. యిత్రో చెప్పిన పరిష్కారం మోషేను మరింత కష్టపడమని కాదు. నమ్మకస్తులైన మనుషులను వెదికి, వేయిమందికి ఒకరిని, వందమందికి ఒకరిని, యాభైమందికి ఒకరిని, పదిమందికి ఒకరిని నియమించమన్నాడు. ఈనాటి మాటలో చెప్పాలంటే పోస్టులు భర్తీ చేయమన్నాడు.

మన దేశానికి ఇది తెలియని సంగతేమీ కాదు. కార్మిక తనిఖీ మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1947లో చేసిన 81వ ఒడంబడికను భారతదేశం 1949లోనే ఆమోదించింది. పని స్థలాలను అవసరమైనన్ని సార్లు, క్షుణ్ణంగా తనిఖీ చేయాలనీ, అందుకు చాలినంతమంది ఇన్‌స్పెక్టర్లు ఉండాలనీ దాని సారాంశం. ఎంతమంది ఉండాలన్నదానికి ఆ సంస్థ ఒక కొలత కూడా చెప్పింది. సంపన్న పారిశ్రామిక దేశాల్లో 10,000 మంది కార్మికులకు ఒకరు, వేగంగా పరిశ్రమలు పెరుగుతున్న దేశాల్లో 15,000 మందికి ఒకరు, బాగా వెనుకబడిన దేశాల్లో 40,000 మందికి ఒకరు. హోసూరు చుట్టూ ఎన్ని ఫ్యాక్టరీలున్నాయో, షిఫ్టు మారేటప్పుడు రోడ్డు మీద ఎంతమంది నడుస్తారో మీరే చూస్తున్నారు. మన ఆఫీసులో ఎంతమంది ఉన్నారో కూడా మీరే ఒకసారి వెళ్ళి లెక్కపెట్టండి.

ఆ ఆఫీసు పని తనిఖీ ఒక్కటే అనుకుంటాం. కాదు. జీతం బాకీ ఫిర్యాదులు వినాలి. యజమానికి, యూనియన్‌కు మధ్య రాజీ కుదర్చాలి. రిజిస్ట్రేషన్లు, కాంట్రాక్టర్ లైసెన్సులు చూడాలి. కట్టడపు పనివారి సంక్షేమ నిధి దరఖాస్తులు చూడాలి. అడిగినవారికి చట్టం చెప్పాలి. మనుషులు తగ్గితే ఈ పనులన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. అక్కడి నుంచి యజమానికి నష్టం నాలుగు దారుల్లో వస్తుంది.

మొదటి దారి పోటీ. నిజాయితీగా కట్టేవాడు మార్కెట్లో ఓడిపోతాడు.

చిన్న లెక్క వేద్దాం. ఒక యూనిట్‌లో 20 మంది, ఒక్కొక్కరికి నెలకు 15,000 రూపాయలు. పి.ఎఫ్.లో యజమాని వాటా 12 శాతం, అంటే 1,800. ఇ.ఎస్.ఐ.లో యజమాని వాటా 3.25 శాతం, అంటే 487 రూపాయల 50 పైసలు. మొత్తం మనిషికి 2,287 రూపాయల 50 పైసలు. 20 మందికి నెలకు 45,750. ఏడాదికి 5,49,000 రూపాయలు. ఇది కట్టేవాడు ఒకడు. పక్క వీధిలో ఇదే పని చేయిస్తూ, 20 మందిలో 9 మందినే పుస్తకంలో చూపి, మిగిలినవారిని లేనట్టు దాచినవాడు ఇంకొకడు. బళ్ళారిలో జీన్స్ కుట్టించేవారిని అడగండి, షోలాపూర్‌లో తువ్వాళ్ళు నేయించే మన పద్మశాలి కుటుంబాలను అడగండి. పెద్ద కంపెనీ ఆర్డరు ఇచ్చేటప్పుడు పీసుకు ఒక్క రూపాయి తేడా వస్తే చాలు, పని తక్కువ రేటువాడికి పోతుంది. ఆ రూపాయి ఎక్కడిది? ఎక్కువసార్లు అది పని నైపుణ్యంలో మిగిలింది కాదు. కూలివాడి పి.ఎఫ్.లో మిగిల్చింది.

తనిఖీ చేసేవారు ఉంటే ఇద్దరికీ ఒకే ఖర్చు. లేకపోతే మోసం చేసినవాడికి ప్రభుత్వమే డిస్కౌంటు ఇచ్చినట్టు. నా దగ్గర చలానాలు కట్టిన ఒక అన్న చివరకు విసిగి అడిగాడు: "న్యాయంగా ఉన్నందుకు నాకే శిక్షా?" నా దగ్గర జవాబు లేదు. రెండేళ్ళ తరువాత ఆయన యూనిట్ అమ్మేశాడు. ఆ రోజు 18 మందికి పని పోయింది. లేబర్ ఆఫీసు బలంగా ఉండడం ముందుగా కావలసింది ఇలాంటి యజమానికే.

రెండో దారి సలహా. చిన్న తప్పు చెప్పేవాడు లేక పెద్ద బాకీ అవుతుంది.

చిన్న యజమానులందరూ దుర్మార్గులు కారు. సగం తప్పులు తెలియక చేసేవే. పదో మనిషిని పెట్టుకున్న రోజు ఇ.ఎస్.ఐ. వర్తిస్తుందనీ, ఇరవయ్యో మనిషితో పి.ఎఫ్. వర్తిస్తుందనీ చాలామందికి తెలియదు. కాంట్రాక్టరు జీతాలు ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమానే కట్టాలన్న సంగతీ తెలియదు.

2025 నవంబర్ 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. 29 పాత చట్టాల స్థానంలో ఇవి వచ్చాయి. వీటిలో ఇన్‌స్పెక్టరు పేరు కూడా మారింది. ఇప్పుడు ఆయన తనిఖీ అధికారే కాదు, సలహా చెప్పి సరిదిద్దే సహాయకుడు కూడా. వేతనాల కోడ్ ప్రకారం మొదటిసారి తప్పు దొరికితే వెంటనే కేసు పెట్టకూడదు. ఫలానా గడువులో సరిచేసుకోమని రాతపూర్వకంగా అవకాశం ఇవ్వాలి. అయిదేళ్ళలో అదే తప్పు మళ్ళీ చేస్తే మాత్రం ఆ అవకాశం ఉండదు. ఇది యజమానికి మంచి వరమే. కానీ ఆలోచించండి. తప్పు చూసి చెప్పడానికి ముందు ఒక మనిషి రావాలి కదా? ఎక్కడికి వెళ్ళాలో కంప్యూటర్ ఎంచుతుంది, సరే. కంప్యూటర్ బండెక్కి రాదు. సలహాదారు కుర్చీ ఖాళీగా ఉంటే ఆ వరం కాగితం మీదే ఉండిపోతుంది.

ఆ లోపల ఏమవుతుంది? 10 మందికి కనీస వేతనం కన్నా నెలకు 1,000 రూపాయలు తక్కువ ఇస్తున్నాం అనుకోండి. రేటు మారిన సంగతి మనకు తెలియలేదు, చెప్పినవారూ లేరు. మొదటి నెలలోనే ఎవరైనా చెప్పి ఉంటే 10,000తో సరిపోయేది. మూడేళ్ళకు అది 3,60,000 అవుతుంది. కొత్త కోడ్‌లో బాకీ అడగడానికి మూడేళ్ళ గడువు ఉంది. బాకీ మీద పది రెట్ల వరకు పరిహారం వేసే అధికారం కూడా విచారణాధికారికి ఉంది. ప్రతి కేసులో పది రెట్లు వేస్తారని నేను భయపెట్టడం లేదు. కానీ ఆ కత్తి తల మీద వేలాడుతుంది. ఇన్నాళ్ళూ ఎవరూ రాలేదంటే బాకీ లేదని కాదు. బాకీ నిద్రపోతోందని అర్థం.

మూడో దారి ఆలస్యం. తగాదా తెగక ఇద్దరూ చితికిపోతారు.

వేతనాల కోడ్ బాకీ ఫిర్యాదును మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలంటుంది. పారిశ్రామిక సంబంధాల కోడ్ రాజీ ప్రయత్నాన్ని 45 రోజుల్లో, సమ్మె నోటీసు ఉంటే 14 రోజుల్లో ముగించి నివేదిక ఇవ్వాలంటుంది. మంచి గడువులే. కానీ ఒకే ఆఫీసరు మూడు సర్కిళ్ళు చూస్తుంటే గడువు ఎలా నిలుస్తుంది?

ఆలస్యమైతే యజమానికే మేలు అనుకునేవారు ఒక సంగతి మరిచిపోతారు. జీతం ఇవ్వలేదని కేసు పడితే, ఇచ్చాను అని రుజువు చేయవలసిన భారం యజమానిదే. మూడేళ్ళ తరువాత ఆ హాజరు పట్టీ ఎక్కడుంది? ఆ రోజు లెక్క రాసిన గుమాస్తా ఎక్కడున్నాడు? నగదుగా ఇచ్చినదానికి సంతకం ఉందా? నేను ఇందాక చెప్పిన బెంచీ మీది యజమానికి అదే జరిగింది. ఆ అమ్మాయికి ఆయన కొంత నగదు నిజంగానే ఇచ్చాడు. కాగితం లేదు. చివరకు కేసు తేలినప్పుడు ఇచ్చింది కూడా మళ్ళీ ఇచ్చాడు. ఆ అమ్మాయికి వచ్చింది వడ్డీకి తెచ్చిన అప్పులకే సరిపోయింది. మొదటి నెలలో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టే మనిషి ఉంటే అరగంటలో తేలే సంగతి అది.

ఇంకొక మాట బరువైన మనసుతో చెబుతాను. 2012 జనవరి 27న యానాంలోని రీజెన్సీ సిరామిక్స్‌లో జరిగింది అక్కడి తెలుగువారు మరచిపోలేదు. జీతాలు, ఉద్యోగాల క్రమబద్ధీకరణ మీద సాగుతున్న వివాదం ఆ రోజు రక్తంలో ముగిసింది. ఒకే రోజున ఒక కార్మిక నాయకుడు చనిపోయాడు, సంస్థ ఉన్నతాధికారి కూడా దాడిలో చనిపోయాడు. కర్మాగారం తగలబడింది, తరువాత ఏళ్ళ తరబడి మూతపడింది. ఆ రోజుకు కారణాలు అనేకం. అదంతా ఒక ఆఫీసు లోటు వల్లనే జరిగిందని నేను చెప్పను, చెప్పకూడదు. కానీ తగాదా ముదిరితే యజమాని ఇల్లు, కార్మికుడి ఇల్లు రెండూ ఏడుస్తాయని ఆ రోజు మనకు నేర్పింది. తగాదా ముదరక ముందే మధ్యలో కూర్చునే మనిషి విలువ అంత.

నాలుగో దారి అనుమానం. ఎప్పుడో ఒకసారి వచ్చే తనిఖీ న్యాయంగా కాక దెబ్బలా పడుతుంది.

సిబ్బంది తక్కువైతే క్రమంగా జరిగే తనిఖీలు ఆగిపోతాయి. ఫిర్యాదు వచ్చినప్పుడు, పేపర్లో వార్త పడినప్పుడు, ఎక్కడో పెద్ద ప్రమాదం జరిగినప్పుడు మాత్రమే కదలిక వస్తుంది. అప్పుడు అందరి మీదా ఒకేసారి పడతారు. హడావిడిలో వచ్చినవారికి మీ పని తీరు తెలియదు, మీ పాత రికార్డు తెలియదు. మంచివాడికీ చెడ్డవాడికీ ఒకే నోటీసు.

ఇక్కడ మీలో కొందరి మనసులోని మాట నాకు వినబడుతోంది. "అన్నా, ఇన్‌స్పెక్టర్లు ఎందుకు వస్తారో మాకు తెలీదా? కవరు కోసమే కదా?" నిజమే, అలాంటివారిని నేనూ చూశాను. కవరు ఇవ్వనందుకు ఒక యజమానిని ఆరు నెలలు తిప్పడం చూశాను. దాన్ని నేను సమర్థించను. కానీ మనుషులు తగ్గితే లంచం తగ్గుతుందా? నా అనుభవంలో పెరుగుతుంది. సంతకం పెట్టేవాడు ఒక్కడే అయినప్పుడు ఆ సంతకం ధర పెరుగుతుంది. లైసెన్సు రెన్యువల్ కోసం నెలలు ఆగాల్సి వస్తే, త్వరగా చేయిస్తానని దళారి దిగుతాడు. యిత్రో చెప్పిన అర్హతలు గుర్తు చేసుకోండి. దేవునికి భయపడేవారు, లంచాన్ని అసహ్యించుకునేవారు కావాలన్నాడు. వారిని తగినంతమందిని పెట్టమన్నాడు. మంచివారు కావాలి, చాలినంతమందీ కావాలి. ఒకటి ఉంటే రెండోది అక్కరలేదనలేదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఇది చెప్పకుండా దిగిపోతే నేను అబద్ధికుణ్ణి అవుతాను. మన సంస్థలు కూడా యజమానులే. బడులు, హాస్టళ్ళు, ఆసుపత్రులు, మందిరాలు. అక్కడ వంటమనిషి ఉంది, ఆయమ్మ ఉంది, వాచ్‌మన్ ఉన్నాడు, గంట కొట్టే తాత ఉన్నాడు. ఎందరికి నియామక పత్రం ఉంది? కొత్త కోడ్ ప్రకారం అది ఇవ్వడం తప్పనిసరి. ఎందరికి కనీస వేతనం అందుతోంది? "ఇది సేవ కదా" అని మనం అంటాం. సేవ చేయాలా వద్దా అని తేల్చుకోవలసింది ఆ ఆయమ్మ. ఆమె జీతం తగ్గించి మనం సేవ చేశామనుకోకూడదు. సాయంకాలం సూర్యుడు అస్తమించక ముందే కూలి ఇవ్వాలని ధర్మశాస్త్రం చెప్పింది. ఇవ్వని కూలి తానే మొర పెడుతుందని యాకోబు రాశాడు. పరలోకంలో మీకూ ఒక యజమాని ఉన్నాడని పౌలు కొలొస్సయిలోని యజమానులకు గుర్తు చేశాడు. లేబర్ ఆఫీసులో కుర్చీ ఖాళీగా ఉండవచ్చు. ఆ సింహాసనం ఖాళీగా లేదు.

అయితే మనం చేయగలిగింది ఏమిటి?

యజమానులకు ముందు చెబుతాను. ఎవరూ రాని ఈ రోజుల్లో మీ తనిఖీ మీరే చేసుకోండి. మూడు నెలలకొకసారి ఒక పూట కూర్చుని చూడండి. మీ రాష్ట్రంలో ప్రస్తుత కనీస వేతనం ఎంత? మనం ఇస్తున్నది ఎంత? అందరి పేర్లూ రిజిస్టర్‌లో ఉన్నాయా? నెల జీతం తరువాతి నెల 7వ తేదీ లోపు పడుతోందా? పని మానేసినవారి లెక్క రెండు పని దినాల్లో ముగించామా? ఓవర్‌టైమ్‌కు రెట్టింపు ఇచ్చామా? జీతం బ్యాంకు ద్వారానే ఇవ్వండి. రుజువు మీ చేతిలో ఉంటుంది, రాత్రి నిద్ర పడుతుంది. తప్పు కనబడితే పాత బాకీ ముందు తీర్చండి, వివరణ తరువాత.

మీ వ్యాపార సంఘాల్లో కూడా నోరు విప్పండి. సబ్సిడీ కోసం, కరెంటు రేటు కోసం కలెక్టరుకు వినతిపత్రాలు ఇస్తాం. లేబర్ ఆఫీసులో ఖాళీలు నింపండి అని యజమానుల సంఘం ఎప్పుడైనా అడిగిందా? అడగండి. న్యాయంగా వ్యాపారం చేసేవాడికి అది సబ్సిడీ కన్నా పెద్ద సాయం.

యువజనులకు రెండు పనులు. మొదటిది, 2005 నాటి సమాచార హక్కు చట్టం మీ చేతిలో ఉంది. మీ జిల్లా లేబర్ ఆఫీసులో మంజూరైన పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని, గత ఏడాది వచ్చిన జీతం బాకీ ఫిర్యాదులు ఎన్ని, తేలినవి ఎన్ని అని నాలుగు ప్రశ్నలు రాసి పంపండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. హోసూరులో ఒకరు, బళ్ళారిలో ఒకరు, షోలాపూర్‌లో ఒకరు, బరంపురంలో ఒకరు, యానాంలో ఒకరు అడిగితే అయిదు చోట్ల నిజం మన పత్రికలో పక్కపక్కనే అచ్చవుతుంది. ఆ కాగితం పట్టుకుని ఎమ్మెల్యే దగ్గరకు వెళితే మన మాటకు బరువు ఉంటుంది.

రెండోది, ఆ కుర్చీలో కూర్చోవడానికి మీలో ఎవరైనా సిద్ధపడండి. బ్యాంకు పరీక్షలకు, సాఫ్ట్‌వేర్ కోర్సులకు అందరూ వెళుతున్నారు. లేబర్ శాఖ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చినప్పుడు దరఖాస్తు పెట్టండి. తెలుగు, తమిళం, కన్నడం వచ్చిన మీలాంటివారు ఆ ఆఫీసులో ఉంటే ఒడిశా నుంచి వచ్చిన కూలీతో, ఇక్కడి చిన్న యజమానితో ఓపికగా మాట్లాడగలరు. పొరుగు భాషలో బతకడం ఎంత కష్టమో మన ఇళ్ళలో అందరికీ తెలుసు.

చివరగా ఆ బెంచీ. ఆ అమ్మాయి, ఆ యజమాని ఒకే బెంచీ మీద రెండు చివర్ల కూర్చున్నారని చెప్పాను. వాళ్ళిద్దరూ ఒకరికొకరు శత్రువులని అనుకుంటున్నారు. నాకు మాత్రం ఇద్దరూ ఒకే ఖాళీ కుర్చీ వల్ల నష్టపోయినవారిగా కనిపించారు. ఈసారి ఎవరైనా "ఆఫీసరు లేడు, మంచిదే" అంటే ఆ బెంచీ గుర్తు చేయండి.

యిత్రో మాట మోషే విన్నాడు, తగినవారిని నియమించాడు. మన పాలకులూ వినేలా మనం అడుగుదాం. వాళ్ళు వినేదాకా మన పనివారి లెక్క మనం సరిగ్గా ఉంచుకుందాం. దేవుడు మీ చేతి పనులను దీవించును గాక.